చిన్నాయన దాచిన బొమ్మల బిళ్లలు: ఏవి అసలువి, వీటిని ఎట్లా కాపాడాలి?

తుంగభద్ర గట్టు (కర్నూలు):

అందరికీ నమస్కారం. పాత బ్యాడ్జీలు సేకరించేవారు ఇక్కడ కొందరున్నారని తెలిసి రాస్తున్నాను. సంగతి కొంచెం పొడుగైనది, ఓపికగా చదవమని మనవి.

మా చిన్నాయన గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు, మూడేళ్ల కిందట కాలం చేశారు. ఆయనకు స్టాంపులు, అగ్గిపెట్టెల లేబుళ్లు పోగు చేసే పిచ్చి ఉండేది. అమెరికాలో ఎవరో కలం స్నేహితుణ్ణి సంపాదించుకుని, అతనికి శివకాశి అగ్గిపెట్టెల లేబుళ్లు పంపి, బదులుగా చొక్కాకు గుచ్చుకునే బొమ్మల బిళ్లలు తెప్పించుకునేవారని మా చిన్నమ్మ చెబుతుంది. ఆ వ్యవహారం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో ఆమెకు గుర్తు లేదు. ఆయన బదిలీల మీద తిరిగిన రోజుల్లో ఆ బిళ్లల డబ్బాను కర్నూలు పాత ఊరిలోని మా ఇంట్లో, కింది గదిలో ఉన్న ట్రంకు పెట్టెలో పెట్టి వెళ్లారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊరి మీదికి వచ్చినప్పుడు ఆ పెట్టె రెండు రోజులు నీటిలోనే ఉంది. నీళ్లు తీసిన తరువాత బట్టలు, పట్టాదారు పుస్తకాలు ఆరబెట్టుకునే హడావుడిలో ఈ బిస్కెట్ డబ్బాను మూత తీసి చూసినవారు లేరు. పోయిన నెల ఇల్లు సర్దుతుంటే అది నా చేతికి వచ్చింది.

లెక్క పెడితే మొత్తం 63 బిళ్లలు ఉన్నాయి. వాటిలో 41 చిన్నవి, పాత పావలా బిళ్లకన్నా కొంచెం పెద్దవి, రేకు మీదే రంగులతో అచ్చు వేసినవి. వాటి వెనుక 'పెప్' అని ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ముందు వైపు పత్రికల బొమ్మకథల్లోని మనుషుల ముఖాలు, మూడింటి మీద మాత్రం సూపర్‌మ్యాన్. మరో 14 బిళ్లల మీద అద్దంలాంటి పొర ఉంది, దాని కింద కాగితం మీద బొమ్మ ఉంది, ఆ కాగితం చాలావరకు టీ చిందినట్లుగా గోధుమరంగు మరకలు పడింది. వీటిలో ఒకదాని మీద పెద్ద చెవులున్న బోడి తల పిల్లవాడు పసుపు అంగీ తొడుక్కుని నవ్వుతున్నాడు, కింద 'హై అడ్మిరల్' అనే సిగరెట్ పేరు ఉంది. మిగిలిన 8 మన దేశానివే: తలపాగా చుట్టుకుని వంగి నమస్కరించే మహారాజు ఒకటి, అప్పు ఏనుగు రెండు, సినిమా హీరోల ముఖాలు అయిదు.

ఒక పొరపాటు కూడా చెప్పుకోవాలి. తుప్పు చూసి మా అమ్మ, ఇత్తడి చెంబులు తోమినట్లే చింతపండు పెట్టి ఒక బిళ్లను రుద్దింది. తుప్పు పోయింది, దానితోపాటు పొపాయ్ ముఖంలో సగం, ఆ నోటిలోని పైపుతో సహా పోయింది. ఆ తరువాత దేనినీ ముట్టుకోనివ్వలేదు.

వీటిలో ఏవి నిజంగా పాతవో, ఏవి తరువాత చేసిన నకళ్లో ఎట్లా తెలుసుకోవాలి? మన ఎండలకు ఇవి ఇంకా పాడుకాకుండా ఎక్కడ, ఎట్లా ఉంచాలి? మన దేశపు బిళ్లలను కూడా దాచవలసిన వస్తువులుగా లెక్కించవచ్చునా? తెలిసినవారు చెప్పగలరు.

గడియారస్తంభం (అనంతపురం):

నమస్కారమండీ. అమ్మగారిని ఏమీ అనవద్దు. ఈ వస్తువు చేతికి వచ్చిన ప్రతి ఇంట్లోనూ మొదటి తప్పు ఇదే జరుగుతుంది. నేను నా మొదటి బిళ్లను పళ్లపొడితో రుద్దాను. ఇత్తడి చెంబు పైనుండి అడుగు దాకా ఇత్తడే కనుక, ఒక పొర అరిగినా కింద ఉన్నది కూడా ఇత్తడిగానే మెరుస్తుంది. అచ్చు వేసిన రేకు అట్లా కాదు. దాని మీది రంగు కాగితంకన్నా పలుచనైన పొర, తుప్పు ఆ పొర కిందికి పాకి ఉంటుంది. చింతపండు పులుపు తుప్పును కరిగించినప్పుడు దాని మీద నిలబడి ఉన్న రంగు కూడా దానితోనే లేచిపోతుంది. కనుక నీళ్లు, పులుపు, సబ్బు, పాలిష్ ఏవీ వద్దు. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపడం వరకే చేయండి.

ఇక మీ దగ్గర ఉన్నవి రెండు వేర్వేరు జాతుల బిళ్లలు. అద్దంలాంటి పొర ఉన్నవి సెల్యులాయిడ్ బిళ్లలు. వీటి చరిత్ర 1890లలో మొదలవుతుంది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, నెవార్క్ నగరంలో ఉండిన వైట్‌హెడ్ అండ్ హోగ్ అనే సంస్థ ఈ పనికి పేటెంట్లు సంపాదించింది. అచ్చు వేసిన కాగితాన్ని సెల్యులాయిడ్ పొరతో కప్పి, ఆ రెంటినీ ఒక రేకు బిళ్ల మీద బిగించి, వెనుక సాగే తీగతో చేసిన పిన్ను అమర్చడం వారి పద్ధతి. పాత బిళ్లల వెనుక తరచుగా కనిపించే '1896 జులై 21' అన్న తేదీ ఆ పేటెంట్లలో ఒకదానిది. ఆ ఏడే మెకిన్లీ, బ్రయన్ పోటీపడిన అధ్యక్ష ఎన్నిక వచ్చింది, బిళ్లలు దేశమంతా పాకిపోయాయి. ఇంత చవకగా ఇంత మెరిసే బొమ్మ చేయవచ్చునని చూసిన సిగరెట్ కంపెనీలు, చూయింగ్ గమ్ కంపెనీలు సరుకుతోపాటు వాటిని ఉచితంగా పంచడం మొదలుపెట్టాయి.

మీరు చెప్పిన పసుపు అంగీ పిల్లవాడు అప్పటి వాడే. అతని పేరు ఎల్లో కిడ్. రిచర్డ్ ఔట్‌కాల్ట్ అనే చిత్రకారుడు గీసిన ఈ పిల్లవాడు 1895 నుండి న్యూయార్క్ వరల్డ్ పత్రికలో కనిపించాడు. అతను నోటితో మాట్లాడడం అరుదు, మాటలు చాలావరకు అతని అంగీ మీదే రాసి ఉంటాయి. 1896లో హై అడ్మిరల్ సిగరెట్ల కోసం అతని బొమ్మతో వరుస సంఖ్యలు వేసిన బిళ్లలు వచ్చాయి, ఆ సంఖ్యలు 160 దాకా వెళ్లాయి. ఒక బొమ్మకథలోని మనిషి సరుకు అమ్మిపెట్టగలడని లోకానికి గట్టిగా తెలిసింది ఇతనితోనే. ఆ పాఠాన్ని ఔట్‌కాల్ట్ కూడా బాగానే నేర్చుకున్నాడు. తరువాత తాను సృష్టించిన బస్టర్ బ్రౌన్ అనే మరో పిల్లవాణ్ణి 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో చెప్పుల కంపెనీతో మొదలుపెట్టి ఎన్నో సరుకులవారికి అద్దెకిచ్చాడు.

రేకు మీదే అచ్చు వేసిన చిన్నవి రెండో జాతి. వీటిలో కాగితమూ లేదు, పొరా లేదు. పెద్ద రేకు తకడు మీద వరుసగా బొమ్మలు అచ్చు వేసి, తరువాత గుండ్రంగా కోసి, అంచును వెనక్కి మడిచారు. మీ 41 బిళ్లలు కెల్లాగ్స్ కంపెనీ 'పెప్' అనే గోధుమ అటుకుల పెట్టెలలో 1945 నుండి 1947 వరకు పెట్టి ఇచ్చినవి. 18 చొప్పున 5 వరుసలు వచ్చాయి, అంటే 90 బిళ్లలు, కాని వేర్వేరు బొమ్మలు 86 మాత్రమే. ఆ తేడా సూపర్‌మ్యాన్ వల్ల వచ్చింది. రేడియోలో సూపర్‌మ్యాన్ కథను సమర్పించింది ఈ పెప్ అటుకులే, అందువల్ల అతణ్ణి ప్రతి వరుసలోనూ కూర్చోబెట్టారు. మీకు అతను మూడు దొరికాడంటే వింతేమీ లేదు. ముసుగు వేసుకున్న ఫాంటమ్ ఉన్నాడేమో చూడండి. 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్ పుణ్యమా అని అతను మనకు ఇంటి మనిషిలాంటివాడు, కాని ఈ 86 మందిలో అరుదుగా దొరికేది అతనేనని సేకరించేవారి అనుభవం.

ఏడు రోడ్లు (కడప):

పై మిత్రులు చరిత్ర చక్కగా చెప్పారు. నేను బ్యాడ్జీలు చేసేవాణ్ణి కనుక పనివాడి వైపు నుండి నాలుగు మాటలు చెబుతాను. బడులకు, వార్షికోత్సవాలకు, ఎన్నికలకు కొన్నేళ్లుగా చేసి ఇస్తున్నాను. నా దగ్గర 58, 44 మిల్లీమీటర్ల అచ్చులున్న చేతి ప్రెస్సు ఉంది. కింది అచ్చులో రేకు టోపీ పెట్టి, దాని మీద బొమ్మ కాగితం, దాని మీద పలుచని ప్లాస్టిక్ పొర పరిచి ఒకసారి నొక్కితే ఆ రెండూ టోపీ అంచు చుట్టూ కిందికి వంగుతాయి. తరువాత పిన్ను ఉన్న వెనుక భాగాన్ని పెట్టి రెండోసారి నొక్కితే ఆ వంగిన అంచు లోపలికి మడుచుకుని అన్నింటినీ పట్టుకుంటుంది. జిగురు ఎక్కడా ఉండదు, పట్టు అంతా ఆ మడతలోనే ఉంటుంది. 1896 నాటి బిళ్లలోనూ సూత్రం ఇదే. నా బిళ్లకు వెనుక పూర్తి మూత ఉంటుంది, పాతదానికి మూతకు బదులుగా రేకు కట్టు ఒకటి ఉంటుంది, ఆ కట్టు లోపలికి తీగ పిన్నును వంచి దూరుస్తారు. పొర కూడా మారింది. నాది పాలిస్టర్, వారిది సెల్యులాయిడ్.

వరదలో ఏమి జరిగిందో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. నీరు ముందు వైపు నుండి పోలేదు. వెనుక కట్టుకూ అంచుకూ మధ్య ఉన్న సందు నుండి పీల్చుకున్నట్లు లోపలికి వెళ్లి కాగితాన్ని తడిపింది. పైన పొర, కింద రేకు ఉండడం వల్ల ఆ తడి బయటికి రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ లోపల రేకు తుప్పు కాగితంలోకి ఇంకింది. మీరు చూస్తున్న టీ మరకలు అవే. అవి ఇక పోవు. బిళ్ల విప్పి కాగితం కడుగుదామని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు, ఇన్నేళ్ల సెల్యులాయిడ్ పొర మడత దగ్గర విప్పగానే చిట్లుతుంది.

అసలుదో నకలో చూడాలంటే ముందుగా బిళ్లను బోర్లించండి. బొమ్మను ఎవరైనా నకలు చేస్తారు, వీపును నకలు చేయడానికి ఎక్కువమంది శ్రమపడరు. పాత సెల్యులాయిడ్ బిళ్లల వెనుక గుండ్రని కాగితం ఒకటి దూర్చి, దాని మీద చేసినవారి పేరు, పేటెంట్ తేదీలు, ఒక్కోసారి సరుకు ప్రకటన వేసేవారు. కొన్నింటికి ఆ అక్షరాలు అంచు మడతలో ఉంటాయి, కంటికి ఆనవు, భూతద్దం కావాలి. వెనుక పూర్తి మూత, దాని మీద నా బ్యాడ్జీలకు ఉన్నటువంటి పిన్నీసు ఉంటే అది ఆ కాలపుది కాదు. పొర సంగతికి వస్తే, పొడి బొటనవేలితో అంచు దగ్గర వేడెక్కేదాకా మెల్లగా రుద్ది వెంటనే వాసన చూడండి. సెల్యులాయిడ్‌ను చేసేదే నైట్రోసెల్యులోజ్, కర్పూరం కలిపి, కనుక లీలగా హారతి కర్పూరం వాసన తగులుతుంది. పాలిస్టర్ అయితే ఏ వాసనా ఉండదు. కాల్చిన సూదితో గుచ్చి చూడమని కొందరు చెబుతారు, ఆ పని మాత్రం చేయకండి. నైట్రోసెల్యులోజ్ తుపాకీ మందుకు దగ్గరి చుట్టం, భగ్గున అంటుకుంటుంది.

భూతద్దంతో బొమ్మ మీది అతి చిన్న అక్షరాలు చూడండి. పాత బిళ్ల నుండి స్కాన్ చేసి వేసిన నకలులో ఆ అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉంటాయి. బొమ్మలో చుక్కలు కనిపిస్తే చాలు, నకలు అని తేల్చేవారు ఉన్నారు, అది సరికాదు. 1890లలోనే ఫోటోలను చుక్కలుగా విడదీసి అచ్చు వేసే పద్ధతి ఉంది. ఇంకో సంగతి, రాజకీయ బిళ్లల నకళ్ల మీద చేసిన సంవత్సరం వేయాలని అమెరికాలో 1973లో చట్టం వచ్చింది. అది రాజకీయ బిళ్లలకు వర్తిస్తుంది, బొమ్మకథల మనుషులకు కాదు. కనుక మీ బిళ్ల మీద సంవత్సరం లేనంత మాత్రాన అది అసలుదని అనుకోవద్దు.

పిన్ను తీగలు బిగుసుకుపోయి ఉంటే కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తే మెత్తబడతాయి.

పెన్న ఒడ్డు (ప్రొద్దుటూరు):

ధర గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను. మాది బంగారం ఊరు, ఏది చూసినా ముందు తూకం అడగడం అలవాటు. పెప్ బిళ్లలు లక్షల్లో పంచినవి, తుప్పు పట్టినవాటికి అమెరికాలోనే కొన్ని డాలర్లకు మించి రాదు, పంపే ఖర్చు అంతకన్నా ఎక్కువ అవుతుంది. ఆశ పెట్టుకోవలసింది ఎల్లో కిడ్ మీద, ఫాంటమ్ దొరికితే అతని మీద. 'డబ్బా మొత్తం ఇంతకు ఇచ్చేయండి' అని మీకు ప్రత్యేకంగా సందేశం పంపేవారు వస్తారు. ఆ ధర ఆ రెండు బిళ్లలకే కట్టినదై ఉంటుంది, మిగిలిన 61 మీరు ఊరికే ఇచ్చినట్లు. తొందరపడవద్దు.

తుంగభద్ర గట్టు (కర్నూలు):

అందరికీ కృతజ్ఞతలు. ఫాంటమ్ లేడండీ. 41 బిళ్లలనూ రెండుసార్లు వెతికాను. పొపాయ్ ఉన్నాడు, సగం ముఖంతో. అతని ప్రియురాలైన సన్నని ఆవిడ, ఆలివ్ ఓయిల్ కూడా ఉంది.

నిన్న మధ్యాహ్నం కిటికీ వెలుతురులో భూతద్దం పెట్టుకుని ఎల్లో కిడ్ బిళ్లను చూశాను. బొటనవేలితో రుద్దితే నిజంగానే కర్పూరం వాసన వచ్చింది. మా పాప పరుగెత్తుకొచ్చి 'దేవునికి హారతి ఇస్తున్నావా నాయనా' అని అడిగింది. అంగీ మీది అక్షరాలు గీసినట్లు స్పష్టంగా ఉన్నాయి, పసుపు రంగు ఒక పక్క వెలిసింది. అయితే వెనుక కాగితం లేదు. రేకు కట్టు ఉంది, తీగ పిన్ను ఉంది, కాగితం ఉండవలసిన చోట తుప్పుతో కలిసి గట్టిపడిన బురద ఉంది. వరదలో కరిగిపోయిందో, అంతకుముందే ఊడిపోయిందో చెప్పలేను. ఇంటిపేరు ఊడిపోయినట్లు అనిపించింది. ఆ బురదను గోటితో గీకాలని చేయి దురద పెట్టింది గాని, పొపాయ్ గుర్తొచ్చి ఊరుకున్నాను.

ప్రస్తుతం అన్నింటినీ పై అంతస్తులో ఇనుప బీరువాలో, పట్టుచీరల అరలో పెట్టాను. పురుగు పట్టకుండా ఆ అరలో కలరా ఉండలు ఉన్నాయి. ఇది సరైన చోటేనా?

గడియారస్తంభం (అనంతపురం):

కాదండీ, మూడు విధాలుగా కాదు. ఈ రోజే తీయండి.

పై అంతస్తు కాంక్రీటు గదిలో, ఏప్రిల్, మే నెలల్లో బయట 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు ఇనుప బీరువా లోపల ఎంత ఉంటుందో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. రాత్రి పది దాటినా ఆ ఇనుము చల్లబడదు. సెల్యులాయిడ్ ఆయువును తగ్గించేది ఆ వేడే. అందులోని కర్పూరం మెల్లగా ఆవిరైపోతుంది, పొర కుంచించుకుపోయి బీటలు తీస్తుంది, నైట్రోసెల్యులోజ్ విడిపోయి ఘాటైన ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి పక్కనున్న రేకును తింటుంది. అందువల్ల 14 సెల్యులాయిడ్ బిళ్లలను 41 రేకు బిళ్లలతో ఒకే డబ్బాలో ఉంచకూడదు. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలోనూ పెట్టకూడదు, ఆవిరి బయటికి పోవడానికి దారి ఉండాలి. గాలి ఆడే అట్టపెట్టెలో, ఉతికి గంజి పోయిన తెల్లని నూలు గుడ్డ పరిచి, ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. పొర జిగటగా మారినా, మెరుపు పోయి సన్నని గీతలు పడినా, ముక్కుకు ఘాటు తగిలినా ఆ బిళ్లను వెంటనే వేరు చేయండి, ఆ జబ్బు పక్కవాటికి అంటుకుంటుంది. స్టాంపుల ఆల్బమ్‌లలో వాడే మెత్తని పి.వి.సి. కవర్లు కూడా వద్దు, కొన్నేళ్లకు ఆ కవరు బిళ్ల పొరకు అతుక్కుపోతుంది. కలరా ఉండలు బట్టలకు పరవాలేదు గాని, పాత ప్లాస్టిక్ వస్తువుల దగ్గర ఉంచదగినవి కావు.

మన ప్రాంతం వారికి ఒక మేలు కూడా ఉంది. సముద్రపు గాలి లేదు, ఏడాదిలో ఎక్కువ నెలలు పొడి గాలి, కనుక రేకు బిళ్లలకు కోస్తా ఊళ్లలో పట్టినంత తుప్పు ఇక్కడ పట్టదు. నాకున్నవాటిలో మంచివన్నీ మా జేజినాయన కట్టించిన మిద్దె ఇంట్లో, రెండడుగుల మందం గోడలో తూర్పు వైపున్న గూటిలో ఉంటాయి. ఎండాకాలంలో కూడా ఆ గూటిలో చేయి పెడితే కుండ నీళ్ల చల్లదనం ఉంటుంది. మీ ఇంటి కింది గదిలో అటువంటి గూడు ఉంటే అంతకన్నా మంచి చోటు లేదు. వరద భయం ఉంటే ఎత్తున ఉన్న గూడు చూసుకోండి. వెలుతురు తగలకుండా ఒక గుడ్డ తెర వేయండి, మీ ఎల్లో కిడ్ ఒక పక్క వెలవడానికి కారణం వెలుతురే అయి ఉంటుంది.

ఏడు రోడ్లు గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, ఒక్క నూనె చుక్క తప్ప. రేకు బిళ్లలకు సరేననుకుందాం. సెల్యులాయిడ్ బిళ్లకు నూనె వేస్తే, నీరు వెళ్లిన దారినే అది కూడా వెళ్లి కాగితానికి చేరుతుంది. ఆ మరక నీటి మరకకన్నా వికారంగా ఉంటుంది.

ఏడు రోడ్లు (కడప):

నూనె విషయంలో మీ మాటే సరి. నేను కొత్త బ్యాడ్జీల అలవాటుతో రాశాను. సెల్యులాయిడ్ బిళ్లల పిన్ను బిగుసుకుపోతే అట్లాగే వదిలేయండి, ఎట్లాగూ వాటిని చొక్కాకు పెట్టుకుని తిరగరు కదా.

జంక్షన్ మనిషి (గుంతకల్లు):

చిన్నాయనగారు మా ఊళ్లో పనిచేసినవారని చదివి రాస్తున్నాను. అందరూ అమెరికా బిళ్లల గురించే మాట్లాడారు, ఆ చివరి ఎనిమిదింటి మాట ఎవరూ ఎత్తలేదు. నా దృష్టిలో డబ్బాలో దాచవలసిన మొదటివి అవే.

వంగి నమస్కరించే మహారాజు ఎయిర్ ఇండియా మహారాజు. బాబీ కూకా, చిత్రకారుడు ఉమేశ్ రావు కలిసి 1946లో అతణ్ణి తయారుచేశారు. ఒక విమాన కంపెనీ చీటీల మీద వేసుకోవడానికి పుట్టిన బొమ్మ చివరికి ఆ కంపెనీకే ముఖమైంది. మనకు ఇటువంటివారు మరికొందరున్నారు. రంగుల డబ్బా, కుంచె పట్టుకున్న ఏషియన్ పెయింట్స్ గట్టును 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీశారు. చుక్కల గౌను వేసుకున్న అమూల్ పాప 1966 నుండి ఉంది. మీ డబ్బాలోని అప్పు 1982 నవంబరు, డిసెంబరులలో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల చిహ్నం. కాబట్టి అప్పు బిళ్లలకు కాలం తెలిసినట్లే, ఆ ఏడాదికి కొంచెం ముందువి గాని, ఆ ఏడాదివే గాని అయి ఉంటాయి.

తేలనివి సినిమా హీరోల బిళ్లలు. టూరింగ్ టాకీసుల ముందర, తిరునాళ్లలో, గాజుల పక్కన గుడ్డ పరిచి అమ్మినవి, కొత్త సినిమా మొదటి రోజున అభిమాన సంఘాలవారు పంచినవి మన ప్రాంతంలో వేలకొద్దీ తిరిగాయి. వాటి వెనుక చేసినవారి పేరు ఉండదు, సంవత్సరం ఉండదు, అంచున ఒక్క అక్షరం ఉండదు. ఎన్.టి. రామారావుగారి ముఖమే చూడండి. 1982 మార్చి 29న ఆయన పార్టీ పెట్టిన తరువాత అదే ముఖం సినిమా బిళ్ల మీదా, పార్టీ బిళ్ల మీదా ఉంది. పార్టీ మాట గాని, గుర్తు గాని లేకపోతే అది ఏ సంవత్సరపుదో బిళ్లను చూసి చెప్పడం కుదరదు. కిరీటం ఉందా, కాషాయం ఉందా అని చూసి ఊహించవచ్చు, అంతే. అమెరికా బిళ్లకు వెనుక కాగితం ఉన్నట్లు, మన బిళ్లకు దాన్ని కొన్నవారి నోటిమాట ఉంటుంది. మీ చిన్నమ్మగారిని కూర్చోబెట్టి ఆ అయిదు బిళ్లలూ చూపించి, ఏది ఏ ఊళ్లో కొన్నారో, ఏ సినిమాకు వెళ్లిన రోజున కొన్నారో అడిగి రాసుకోండి. ఆమె చెప్పింది చెప్పినట్లే రాయండి, మీరు సరిదిద్దవద్దు.

ఇంకొకటి. కలం స్నేహితుని ఉత్తరాలు గాని, కనీసం కవర్లు గాని మిగిలాయా? కవరు మీది తపాలా ముద్ర చూస్తే ఆ బిళ్లలు ఏ ఏటికి మన దేశం చేరాయో తెలుస్తుంది.

తుంగభద్ర గట్టు (కర్నూలు):

బిళ్లలు కింది గదిలో పై గూటికి మారాయి, రెండు వేర్వేరు అట్టపెట్టెల్లో ఉన్నాయి. నిన్న గుంతకల్లు వెళ్లి చిన్నమ్మను కలిశాను.

హీరోల బిళ్లలు అయిదింటిలో మూడింటిని ఆమె చూడగానే గుర్తుపట్టింది. రెండు గుత్తిలో, పెళ్లైన కొత్తలో, టూరింగ్ టాకీసు బయట కొన్నవట. ఒకటి ఆమె తమ్ముడిది, చిన్నాయన అతని దగ్గర చెప్పకుండా తీసుకున్నారట, ఆ సంగతి మీద ఇద్దరూ ఆరు నెలలు మాట్లాడుకోలేదట. అంతా ఆమె మాటల్లోనే రాసుకున్నాను. మిగిలిన రెండూ ఎక్కడివో తెలియదని చెప్పింది.

ఉత్తరాలు లేవు. కవర్లు ఒక కట్ట దొరికాయి గాని, ప్రతి కవరుకూ కుడి వైపు పై మూల చతురస్రంగా కత్తిరించి ఉంది. చిన్నాయనకు స్టాంపుల పిచ్చి కూడా ఉందని మొదటే రాశాను కదా, ఆ మూలలన్నీ ఆయనే కత్తిరించుకున్నారు, ముద్రలో తేదీ ఉన్న భాగం ఆ ముక్కతోనే పోయింది. కట్టను మళ్లీ కట్టేస్తుంటే చిన్నమ్మ లోపలికి వెళ్లి ఆయన స్టాంపుల ఆల్బమ్ తెచ్చి నా ముందర పెట్టింది. అమెరికా పుటలో 11 స్టాంపులు ఉన్నాయి. ఆరింటి మీద ముద్రలోని సంవత్సరం చదవడానికి వస్తోంది. అన్నింటికన్నా ముందుది 1966, చివరిది 1974. ఏ కవరులో ఏ బిళ్ల వచ్చిందో చెప్పలేను, ముద్ర చదవరాని అయిదు స్టాంపులు కూడా ఉన్నాయి. అయినా చదవగలిగిన చివరి సంవత్సరం 1974 కనుక, ఎల్లో కిడ్ కూడా ఆ చుట్టుపక్కలకే, అంటే స్కాన్ చేసి నకళ్లు వేసే రోజులు రాకముందే, ఈ దేశానికి వచ్చి ఉంటాడని అనుకుంటున్నాను. ఇది సరైన లెక్కేనా అన్నది మీరు చెప్పాలి.

ఆల్బమ్ పుటలను ఒక్కొక్కటిగా ఫోటోలు తీసి, బిళ్లల ఫోటోలతోపాటు ఒక నోటు పుస్తకంలో అతికిస్తున్నాను. ఆల్బమ్‌ను మాత్రం చిన్నమ్మ ఇవ్వలేదు, అది తన దగ్గరే ఉంటుందని చెప్పింది.